ఒక ఏడాది సినిమాల మీద తీర్పు చెప్పేటప్పుడు

(చెన్నై టి.నగర్‌లో తెలుగు సినీ అభిమానులు జరుపుకున్న ఏడాది చివరి చర్చాసభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం మనం తలా ఒక జాబితా చదవబోతున్నాం. ఏడాదిలో వచ్చిన తెలుగు సినిమాల్లో మంచివేవో, చెత్తవేవో తేల్చబోతున్నాం. ఒకరి జాబితాను మరొకరు కాదంటారు, గొంతులు లేస్తాయి. లేవాలి కూడా. సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్లు మొహమాటంతో మాట్లాడుకుంటే ఆ సభ మొక్కుబడిగా ముగుస్తుంది. అయితే చర్చకు ముందు మాట్లాడమని నన్ను పిలిచారు కాబట్టి, చాలాకాలంగా నన్ను బాధపెడుతున్న ఒక్క సంగతి మీ ముందుంచుతాను. మనం ఒక సినిమాను గొప్పదన్నా, పనికిరానిదన్నా, ఆ మాట చాలాసార్లు సినిమా గురించి అయి ఉండటం లేదు. దానికి వచ్చిన డబ్బు గురించో, దాని మీద మనం పెట్టుకున్న ఆశ గురించో, మన హీరో గురించో మాట్లాడి, దాన్నే సినిమా మీద తీర్పుగా చెలామణి చేస్తున్నాం. తీర్పు చెప్పేవారు తెర మీద తాము చూసినదాన్ని వేలుపెట్టి చూపించాలని, అలా చూపించలేని తీర్పును ఎంత గట్టిగా చెప్పినా లెక్కలోకి తీసుకోకూడదని నా వాదన.

ఈ ఏడాది సినిమాల జోలికి నేను పోను. అవి మీ సొత్తు. వేడి చల్లారిన ఒక సంవత్సరాన్ని తీసుకుంటే నా మాట స్పష్టంగా చెప్పగలనని 2010ని ఎంచుకున్నాను.

దానికి ముందు, ఏ సినిమా ఏ ఏడాదిదో తేల్చడం కూడా మనం అనుకున్నంత తేలిక కాదని గుర్తుచేస్తాను. ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. జాతీయ అవార్డుల లెక్కలో మాత్రం అది 1979 చిత్రం. ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా స్వర్ణకమలం తీసుకుంది. దాదాపు 40 ఏళ్ల తర్వాత ఇదే మళ్లీ జరిగింది. 2022 మార్చి 25న మనం థియేటర్లలో చూసిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2021 చిత్రాలకు ఇచ్చిన 69వ జాతీయ అవార్డుల్లో సరిగ్గా అదే విభాగంలో అవార్డు పొందింది. సెన్సారు సర్టిఫికెట్ ఏ సంవత్సరంలో వచ్చిందో ఆ సంవత్సరమే అక్కడ లెక్క. మనం ప్రేక్షకులం, మనకు సినిమా పుట్టేది థియేటర్లో తెర మీద పడ్డ రోజున. కాబట్టి విడుదల తేదీనే పట్టుకుందాం. జాబితాలు చదివేవారు దయచేసి ఈ ఒక్క నియమానికి కట్టుబడండి, సగం గొడవ తగ్గుతుంది.

చెన్నైలో ఉన్న మనకు ఇంకొక ఇబ్బంది ఉంది. ఇక్కడికి అన్ని తెలుగు సినిమాలూ రావు. పెద్ద హీరోల సినిమాలకు మౌంట్ రోడ్డు పక్కన క్యాసినో థియేటర్లోనూ, మల్టీప్లెక్సుల్లోనూ ఆటలు పడతాయి. చిన్న సినిమాకు ఏదో ఒక మూల ఒకటి రెండు ఆటలు వేస్తారు, మనకు తీరిక దొరికేలోపు తీసేస్తారు. 2010లో ఇంట్లో కూర్చుని కొత్త సినిమా చూసే సౌకర్యం ఇంకా రాలేదు, డీవీడీ కోసమో టీవీ కోసమో ఎదురుచూడటమే గతి. ఆ రోజుల్లో మనం వేసుకున్న జాబితాలు ఆ ఏడాది తెలుగు సినిమా జాబితాలని చెప్పడానికి వీల్లేదు. మన ఊరి దాకా వచ్చిన తెలుగు సినిమాల జాబితాలవి. ఇవాళ ఓటీటీ వల్ల ఆ వంక పోయింది. చూడకుండా పక్కన పెట్టిన సినిమా మీద మాట్లాడే హక్కు కూడా దాంతోపాటే పోయింది.

ఇక అసలు విషయం. ఒక సినిమా ఫ్లాపు అయిందంటే ఏమిటో మనలో చాలామందికి తెలిసినా, చర్చలో మరచిపోతుంటాం. నిర్మాత తన సినిమాను నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఆంధ్ర అని ప్రాంతాలవారీగా విడుదలకు ముందే, ప్రదర్శన హక్కులు కొనే బయ్యర్లకు అమ్ముతాడు. టికెట్ల మీద వచ్చిన మొత్తంలోంచి పన్ను, థియేటరు అద్దె పోగా మిగిలిన షేరు బయ్యరుకు వస్తుంది. ఆ షేరు తాను పెట్టిన కొనుగోలు ధరకు చేరకపోతే సినిమా ఫ్లాపు. అంటే ఫ్లాపు అనేది ఒక ధరకూ ఒక రాబడికీ మధ్య తేడా. అదే సినిమాను సగం ధరకు అమ్మి ఉంటే, అంతే మంది చూసినా, హిట్టని రాసేవారు. బయ్యరు నష్టపోవడం చిన్న సంగతి కాదు, ఇల్లు అమ్ముకున్నవాళ్లున్నారు, వాళ్ల బాధ నిజమైనది. కానీ ఆ బాధ సినిమాలోని సన్నివేశం బాగుందో లేదో చెప్పదు. పరిశ్రమ తన లెక్కల కోసం వాడుకునే మాటను, టికెట్టు కొన్న మనం మన తీర్పుగా ఎందుకు పలుకుతున్నామో నాకు అర్థం కాదు.

2010లో ఈ పొరపాటు ఎంత బలంగా జరిగిందో చూడండి. అక్టోబరు 7న ‘ఖలేజా’ వచ్చింది. మహేష్‌బాబు అంతకు ముందు సినిమా 2007లో వచ్చింది. మూడేళ్ల ఎదురుచూపు, పైగా ‘అతడు’ తీసిన త్రివిక్రమ్‌తో మళ్లీ కలిసి చేసిన సినిమా. వారం ముందే, అక్టోబరు 1న, ‘రోబో’ వచ్చి థియేటర్లను నింపేసి ఉంది. వారం తర్వాత ‘బృందావనం’ వచ్చింది. ఆ రెండింటి నడుమ ప్రేక్షకుడు మరో ‘అతడు’ను వెతుక్కుంటూ వెళ్లాడు. తెర మీద అతనికి కనిపించింది వేరు. జనం అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోతున్న ఒక ఊరు, దేవుణ్ణి వెతికి తీసుకురమ్మని ఆ ఊరు పంపిన ఒక మనిషి, అతని కంటపడ్డ ఒక టాక్సీ డ్రైవరు. ఆ డ్రైవరు తాను దేవుణ్ణి కాదని నోరారా చెబుతూనే ఉంటాడు, వాళ్లు వినరు. అతని వాగుడును కూడా వాళ్లు లీలగానే తీసుకుంటారు. హాస్యమూ భక్తీ ఒకే మనిషి ఒంట్లో ఒకే క్షణాన ఉండటం మన తెరకు కొత్త కాకపోయినా, ఒక పెద్ద హీరో సినిమాలో హీరో ‘నేను హీరోను కాను’ అని రెండున్నర గంటలు వాదించడం కొత్తే. ఆ ఏడాది చివర చాలా జాబితాల్లో ఈ సినిమా నిరాశపరిచిన వాటిలో చేరింది. తర్వాత టీవీలో పదేపదే వేశారు, జనం మెల్లగా దగ్గరయ్యారు, 2025 మే 30న మళ్లీ విడుదల చేస్తే థియేటర్లు కిటకిటలాడాయి.

‘ఆరెంజ్’ది ఇంకా కఠినమైన కథ. 2009 జులైలో ‘మగధీర’ వచ్చింది. 2010 నవంబరు 26న అదే హీరో రామ్‌చరణ్ గుర్రం దిగి, కత్తి వదిలేసి, ప్రేమ జీవితాంతం ఒకేలా ఉండదని నమ్మే కుర్రాడిగా ఆస్ట్రేలియా వీధుల్లో కనిపించాడు. పాటలు అప్పుడూ అందరి నోళ్లలోనే ఉన్నాయి. సినిమా మాత్రం నిలబడలేదు, నిర్మాతకు భారీ నష్టం మిగిలింది. 2023 మార్చిలో తిరిగి విడుదలైనప్పుడు కుర్రాళ్లు పాట పాటకూ లేచి నిలబడి పాడారు.

ఇక్కడ తొందరపడి ఒక నిర్ణయానికి రావడం సులభం. అప్పుడు తిట్టారు, ఇప్పుడు మెచ్చారు, కాబట్టి అప్పటివాళ్లది తప్పు, కాలమే అసలు న్యాయమూర్తి అని. నేను దానికి ఒప్పుకోను. 2022 ఆగస్టులో ‘పోకిరి’ ప్రత్యేక ఆటలతో ఊపందుకున్న ఈ రీరిలీజుల ఉత్సాహంలో సినిమా మీద ప్రేమ ఎంతో, హీరో పుట్టినరోజు సంబరం ఎంతో, మన పడుచు రోజుల మీద మమకారం ఎంతో విడదీసి చెప్పలేం. ఆ రోజు అంచనా సినిమాను కప్పేసినట్టే, ఈ రోజు జ్ఞాపకం కప్పేస్తోంది. ‘ఖలేజా’లో గనుల యజమాని చుట్టూ నడిచే విలన్ కథ 2010లో ఎంత పాతదో, ఇవాళా అంతే పాతది. పదిహేనేళ్లు గడిచినంత మాత్రాన అది కొత్తదై కూర్చోదు. ‘ఆరెంజ్’ వేసిన ప్రశ్న నిజాయితీగా వేసినదే, నొచ్చుకునే నిజాలను ప్రేమికుల చేతే ఒకరితో ఒకరికి చెప్పించే ధైర్యం అందులో ఉంది. జవాబు దగ్గరికి వచ్చేసరికి సన్నివేశం మానేసి ఉపన్యాసం ఎత్తుకుంది. ఈ రెండు మాటలూ చెప్పడానికి నాకు వసూళ్ల లెక్కలూ అక్కరలేదు, రీరిలీజు హడావిడీ అక్కరలేదు. సినిమా చూస్తే చాలు.

అధికారికమైన కొలతలకూ ఈ ఇబ్బంది ఉంది. ఈ ఊళ్లోనే, వడపళనిలో, ఇవాళ ఆసుపత్రీ మాలూ ఉన్న విజయా వాహినీ ఆవరణలో 1957లో ‘మాయాబజార్’ తయారైంది. ఆ సంవత్సరపు తెలుగు చిత్రాల్లో రాష్ట్రపతి రజత పతకం బి.ఎన్.రెడ్డి గారి ‘భాగ్యరేఖ’కు వచ్చింది. ‘భాగ్యరేఖ’ను తీసిపారేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ‘నీవుండేదా కొండపై నా స్వామి’ అన్న ఒక్క పాట చాలు ఆ సినిమాను తలుచుకోవడానికి. కానీ 2013లో ఒక జాతీయ టీవీ చానల్ జరిపిన ఓటింగులో భారతీయ సినిమాలన్నిటిలోకీ మొదటి స్థానం ‘మాయాబజార్’కు దక్కింది. పతకమైనా ఓటింగైనా నాకు సాక్ష్యం కాదు. నాకు సాక్ష్యం సావిత్రి గారి పాదం. మాయాశశిరేఖ పెళ్లిపీటల మీద కూర్చుంటుంది. పైకి చూస్తే సిగ్గుతో తల వంచుకున్న పెళ్లికూతురు. లోపల ఉన్నది ఘటోత్కచుడు. పక్కనున్న లక్ష్మణకుమారుడి కాలిని ఆ సుకుమారమైన పాదం తొక్కేసరికి రేలంగి గారి ముఖం మెలికలు తిరిగిపోతుంది, ఆమె ముఖంలో సిగ్గు చెక్కుచెదరదు. ‘అహ నా పెళ్లియంట’ పాటలో సుశీల గారి గొంతు నడుస్తుండగా నడుమ ఘంటసాల గారి గొంతు దూరినప్పుడు, ఆవిడ భుజాలు, నడక, చూపు అన్నీ ఒక్క లిప్తలో రాక్షసుడివైపోయి, మరుక్షణం మళ్లీ ఆడపిల్లవైపోతాయి. ఒక నటి ముఖం ఒక పాత్రకూ, ఒళ్లు మరొక పాత్రకూ ఇచ్చి నటించడం ఇది. ‘మాయాబజార్ గొప్ప సినిమా’ అని ఊరుకునేవారికంటే, ఈ పాదాన్ని చూపించేవారి మాటకు నేను తలవంచుతాను. ‘లాహిరి లాహిరి’లోని వెన్నెలను తెర మీద పుట్టించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే గురించి ఇలాగే గంటసేపు చెప్పవచ్చు. ఆ వెన్నెల ఈ ఊరిదని మనం గర్వపడవచ్చు కూడా.

మళ్లీ 2010కి వస్తాను. ఉత్తమమైనవాటిలో నేను మొదట చెప్పే పేరు ‘వేదం’. జూన్ 4న వచ్చింది. దానికి నంది అవార్డుల్లో బంగారు నంది వచ్చిందని అందరికీ తెలుసు, దాని మీద ఆధారపడను. అందులో కేబుల్ రాజు ఆసుపత్రిలో డబ్బు దొంగిలించే ఘట్టం చూడండి. ఆ డబ్బు సిరిసిల్ల నుంచి వచ్చిన నేత కుటుంబానిది. అప్పుల కింద వెట్టికి పోయిన పిల్లవాణ్ణి విడిపించుకోవడానికి కిడ్నీ అమ్మి తెచ్చుకున్నది. రాజుకు ఆ డబ్బు కొత్త సంవత్సరం పార్టీ పాసుల కోసం కావాలి. ఒక మనిషి అవసరం ఎంత చిన్నదో, మరొక మనిషి అవసరం ఎంత పెద్దదో ఒక్క నోట్ల కట్ట మీద పెట్టి చూపించాడు దర్శకుడు క్రిష్. రాజు ఆ డబ్బును తిరిగి ఇచ్చేటప్పుడు ఏ పెద్ద మాటా చెప్పడు, అది ఇంకా బాగుంది. అదే సినిమాలో బెంగళూరు గాయకుడి కథ నాకు తొందరపాటుగా అనిపించింది. ఆ కుర్రాడిలో మార్పు రావలసిన వేళ అయింది కాబట్టి వచ్చినట్టుంటుంది. ఉత్తమ చిత్రమని చెప్పినంత మాత్రాన ఈ మాట దాచుకోనక్కరలేదు. ఈ దర్శకుడే దీన్ని తమిళంలో ‘వానం’గా తీశారు. మీలో రెండూ చూసినవారు ఉంటారు, వారి అభిప్రాయం నాకు కావాలి.

‘ప్రస్థానం’ ఏప్రిల్ 16న వచ్చింది. మనలో ఎక్కువమంది దాన్ని థియేటర్లో చూడలేదని నాకు తెలుసు. రాజకీయ కుటుంబాల కథలు తెలుగులో కొల్లలుగా వచ్చాయి. వాటిలో తండ్రి చెడ్డవాడైతే చివర చచ్చిపోతాడు, మంచివాడైతే పూలదండలు వేయించుకుంటాడు. దర్శకుడు దేవ కట్టా రాసుకున్న తండ్రి లోకనాథం ఆ రెండు గదుల్లో దేనిలోనూ ఇమడడు. చివర సవతి కొడుకు ఎదుట ఆ పాత్ర వేసిన సాయికుమార్ తన పాపాన్ని ఒప్పుకునే తీరు చూడండి. ఒప్పుకుంటున్న నోటితోనే దాన్ని సమర్థించుకుంటాడు. ఆ సమర్థన వింటుండగా కాసేపు మనకూ అది సబబుగా తోస్తుంది, అలా తోచినందుకు మనసు చివుక్కుమంటుంది. ఆ ఏడాది మొత్తంలో ఇంతకంటే గట్టి నటన నేను చూడలేదు.

‘మర్యాద రామన్న’ మీద అభ్యంతరం వస్తుందని ముందే ఊహించాను. 1923 నాటి బస్టర్ కీటన్ మూగ చిత్రం దానికి మూలమని అందరికీ తెలిసిందే. తెచ్చుకున్న కథ ఉత్తమం ఎలా అవుతుందని అడుగుతారు. గడప లోపల ఉన్న అతిథి రక్తం చిందకూడదన్న ఆ ఒక్క నియమాన్ని తెచ్చి సీమ పగల ఇంటిలో నాటాక, గడపే ఆ సినిమాకు ప్రధాన పాత్ర అయింది. అవతల కత్తులు, ఇవతల విస్తళ్లు, నడుమ ఏదో ఒక సాకుతో ఆ గడప దాటకుండా తప్పించుకునే సునీల్. అంతకు ముందే ‘మగధీర’తో వందల కోట్ల కలలు రేపిన దర్శకుడు రాజమౌళి హాస్యనటుణ్ణి హీరోగా పెట్టి ఇంత చిన్న జాగాలో కథ నడపడం నాకు ఎప్పటికీ ఇష్టమైన సంగతి.

అధమ చిత్రాల గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. తక్కువ డబ్బుతో, తెలిసీ తెలియని పనితనంతో తీసిన చిన్న సినిమాను ఆ జాబితాలో పెట్టి నవ్వుకోవడం నాకు సమ్మతం కాదు. మాట సరిగా వినబడలేదనో, వెలుతురు సరిపోలేదనో ఎగతాళి చేయడం పేదవాడి చొక్కా చూసి నవ్వడమే. ఏదో కొత్తది ప్రయత్నించి చతికిలపడిన పెద్ద సినిమాను కూడా నేను అందులో చేర్చను. డబ్బు, సమయం, పేరున్న నటులు, నిపుణులు అన్నీ ఉండి, ఒక్క సన్నివేశాన్ని కూడా శ్రద్ధగా రాసుకోని సినిమా అధమం. నత్తిగా మాట్లాడే మనిషిని, నల్లగా ఉన్న మనిషిని, లావుగా ఉన్న ఆడమనిషిని చూపిస్తే చాలు జనం నవ్వుతారని నమ్మే సినిమా అధమం. కాదన్న అమ్మాయి వెంటపడి విసిగించడమే ప్రేమ అని చెప్పే సినిమా అధమం. అలాంటివి 2010లో పెద్ద హిట్లలోనూ ఉన్నాయి, ఆ తర్వాతి సంవత్సరాల్లోనూ ఉన్నాయి, వాటిని ‘మాస్ ఎంటర్‌టైనర్’ అని మన జాబితాల్లో మంచివైపు రాసుకున్నాం. ఒక్క సినిమా పేరు చెప్పి మిగతావాటిని తప్పించడం అన్యాయం కాబట్టి పేర్లు చెప్పడం లేదు. మీ జాబితాల్లో అలాంటిది వస్తే మాత్రం, ఎన్ని రోజులు ఆడిందని చెప్పకండి. ఆ సన్నివేశం పేరు చెప్పి, దాన్ని మీ ఇంటి ఆడపిల్ల పక్కన కూర్చుని చూశారో లేదో చెప్పండి.

చివరగా, చెన్నై తెలుగువాళ్లం కాబట్టి మనకు మాత్రమే వీలైన ఒక చర్చ ఉంది. 2010 ఫిబ్రవరి 26న గౌతమ్ మీనన్ ఒకే కథను రెండు భాషల్లో, వేర్వేరు నటులతో, ఒకే రోజున విడుదల చేశారు. తెలుగులో ‘ఏ మాయ చేసావె’, తమిళంలో ‘విణ్ణైత్తాండి వరువాయా’. సంగీతం ఒకరిదే, సన్నివేశాలు ఇంచుమించు అవే. ముగింపు మాత్రం వేరు. తమిళంలో కార్తీక్, జెస్సీ విడిపోతారు. తెలుగులో కలుస్తారు. హైదరాబాదులోని అభిమాని ఒకటే చూసి తీర్పు చెప్పాడు, ఇక్కడి అభిమాని రెండూ చూసి చెప్పగలడు. తెలుగు ప్రేక్షకుడికి విషాదాంతం నచ్చదు కాబట్టి మార్చారని సులువుగా చెప్పేస్తారు. ‘దేవదాసు’ను గుండెల్లో పెట్టుకున్న ప్రేక్షకుణ్ణి గురించి ఆ మాట ఎలా అంటారో నాకు తెలియదు. నా అభిప్రాయం చెబుతాను. ఆ కథలో జెస్సీ ప్రతి మలుపులోనూ ఒక అడుగు ముందుకు వేసి రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఇంట్లోవాళ్ల భయం ఆమెను ఎప్పుడూ వదలదు. అన్ని సన్నివేశాల్లో అలా ఉన్న అమ్మాయి చివరి పది నిమిషాల్లో ధైర్యం తెచ్చుకోవడానికి కారణం తెలుగులో నాకు కనబడలేదు. తమిళ ముగింపు ఆ పాత్రకు న్యాయం చేసింది. అయినా సమంత తొలి చిత్రంలోనే ఆ సందేహాన్ని కళ్లలో ఎంత నిలకడగా మోసిందంటే, తెలుగు చిత్రాన్ని ఆ ఏడాది నా అయిదు ఉత్తమ చిత్రాల్లోంచి తీయడానికి చేయి రావడం లేదు. ఈ విషయంలో నాతో విభేదించేవారు ముందు వరుసలోనే ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. మైకు వారికే ఇస్తున్నాను. ఏ సన్నివేశంలో జెస్సీకి ఆ ధైర్యం మొలకెత్తిందో చూపించండి.